నాలుగేళ్ళ వాడకం తర్వాత: ఎంట్రీ గ్రేడ్ గండమ్ కిట్

2021 శరదృతువులో యోకొహామా యమషితా రేవు దగ్గర 18 మీటర్ల గండమ్ రోబో మోకాలు వంచడం చూశాను. 25 టన్నుల యంత్రం. మెల్లగా తొడ కదిలింది, తర్వాత మోకాలు మడిచింది, పక్కన నిలబడ్డ చిన్నపిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. అప్పటికి నాకు గండమ్ సంగతి పెద్దగా తెలియదు. 1979 ఏప్రిల్‌లో జపాన్ టీవీలో మొదలైన కార్టూన్ అని, దాన్ని యొషియుకి తొమినో తీశాడని, ఆ రోబో రూపం కునియో ఒకవారా గీశాడని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ రోజు మాత్రం తిరుగు రైల్లో ఆ మోకాలి గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.

అప్పుడు మేము టోక్యోలో నిషికసాయ్‌లో ఉండేవాళ్ళం. తర్వాతి వారం ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణం బొమ్మల అంతస్తుకు వెళ్తే ఆ రోబో బొమ్మలను ముక్కలు కలిపి కట్టుకునే కిట్ల అలమరాలు సగం ఖాళీగా ఉన్నాయి. ఆ ఏడాది గన్‌ప్లా, అంటే గండమ్ ప్లాస్టిక్ మోడళ్ళు, వచ్చినవి వచ్చినట్టే అమ్ముడుపోయేవి. అడుగు వరసలో మిగిలినది ఎంట్రీ గ్రేడ్, అంటే కొత్తవాళ్ళ కోసం చేసిన రకం, ఆర్‌ఎక్స్-78-2 గండమ్. ఆర్‌ఎక్స్-78-2 అన్నది ఆ మొదటి కార్టూన్‌లోని గండమ్ నంబరు. 700 యెన్‌లు, పన్నుతో 770. అప్పటి లెక్కలో 500 రూపాయలకు కాస్త పైన. చవకది కాబట్టి చూద్దాంలే అని తీసుకున్నాను. ఈ నాలుగేళ్ళలో దాన్ని రెండుసార్లు కట్టాను, ఒకసారి పూర్తిగా విప్పాను, ఒకసారి పాడుచేసి బాగుచేసుకున్నాను. ఇల్లు కూడా మారాను, టోక్యో నుంచి విశాఖకు. కొత్తగా కొనాలనుకునేవారికి పనికొచ్చే సంగతులు నా దగ్గర ఇప్పుడు ఉన్నాయనిపించి రాస్తున్నాను.

ఈ కిట్ 2020లో వచ్చింది. స్కేలు 1/144. అంటే 18 మీటర్ల రోబో 12.5 సెంటీమీటర్లు అవుతుంది. అరచేతిలో నిలబడుతుంది. జిగురు అక్కర్లేదు, రంగు అక్కర్లేదు, స్టిక్కర్ ఒక్కటి కూడా లేదు. చివరికి కత్తెర కూడా అక్కర్లేదు. ముక్కలు ఒక చట్రానికి అతుక్కుని వస్తాయి, ఆ చట్రాన్ని రన్నర్ అంటారు. ముక్కకూ రన్నర్‌కూ మధ్య ఉండే సన్నటి కాడ గేట్. మామూలు కిట్లలో గేటును నిప్పర్‌తో, అంటే చిన్న కటింగ్ ప్లయర్‌తో, కత్తిరించాలి. ఇందులో గేట్లు ఎంత సన్నగా ఉంటాయంటే వేలితో తిప్పితే ఊడి వస్తాయి.

ఇదంతా ఎంత గొప్పో తెలియాలంటే 1980 జులైలో వచ్చిన మొదటి గండమ్ కిట్ గురించి తెలియాలి. అదీ 1/144నే, 300 యెన్‌లు. జిగురుతో అతికించాలి. రంగులన్నీ కొన్నవాడే వేసుకోవాలి. నలభై ఏళ్ళ తర్వాత అదే రోబో, అదే ఎత్తు. కానీ తెలుపు, నీలం, ఎరుపు, పసుపు దేని రంగు ముక్కలు దానికే విడిగా వస్తాయి, ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. కళ్ళ పసుపు ఒక ముక్క, గడ్డం ఎరుపు ఒక ముక్క, డాలు మీది పసుపు గుర్తు కూడా ముక్కే. షిజుఓకాలోని బందాయ్ కర్మాగారంలో ఒకే రన్నర్‌లో నాలుగు రంగుల ప్లాస్టిక్ పోసే యంత్రాలున్నాయి. ముఖం కట్టేటప్పుడు చిటికెన వేలి గోరంత చోట అన్ని రంగులు సరిగ్గా కలిసిపోవడం చూశాక ఆ అచ్చులు చెక్కినవాళ్ళ మీద నాకు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

మొదటిసారి నేను దాన్ని చేతులతోనే కట్టాను, గంటలోపే అయిపోయింది. అక్కడే తప్పు చేశాను. గేటును తిప్పి తెంపినప్పుడు ప్లాస్టిక్ సాగి తెల్లబడుతుంది. తెల్ల ముక్కల మీద అది కనిపించదు. ఛాతీ నీలం మీద, డాలు ఎరుపు మీద మాత్రం ఆ మచ్చలు పొక్కుల్లా కనిపించాయి. ఎంత దూరం నుంచి చూసినా నా కన్ను అక్కడికే పోయేది. చేతులతో కట్టొచ్చు అన్న మాట నిజమే, పిల్లలకు అది వరం. అలమరాలో పెట్టుకుని చూసుకోవాలనుకునేవారు మాత్రం ఒక నిప్పర్ కొనుక్కోండి. మొదట ముక్కకు దూరంగా ఒకసారి కత్తిరించాలి, మిగిలిన కాడను రెండోసారి దగ్గరగా. మొత్తం కాడను ఒకేసారి దగ్గరగా కత్తిరిస్తే ముక్కలో గుంట పడుతుంది. మిగిలిన గరుకును 800, తర్వాత 1200 నంబరు సాండ్‌పేపర్‌తో నెమ్మదిగా రుద్దితే సరిపోతుంది. మచ్చ పడ్డ చోట వేలి గోటితో గట్టిగా రాస్తే కొంత తగ్గుతుంది. పూర్తిగా పోదు.

ఇక మోకాలు. నేను కొన్నది దాని కోసమే కదా. బాగా మడుస్తుంది. ఒక మోకాలి మీద కూర్చోబెట్టి రైఫిల్ గురిపెట్టించొచ్చు. యోకొహామాలో చూసినట్టే తొడ ముందు కదలాలి, తర్వాత మోకాలు, తర్వాత చీలమండ సరిచేసుకోవాలి. ఈ వరస తప్పితే బొమ్మ నిలబడదు. పాత కిట్లలో కీళ్ళ మధ్య పాలీక్యాప్‌లు అనే మెత్తటి ప్లాస్టిక్ తొడుగులు ఉండేవి. ఇందులో అవి లేవు, గట్టి ప్లాస్టిక్ మీద గట్టి ప్లాస్టిక్ తిరుగుతుంది. కొత్తలో ఆ పట్టు చాలా హాయిగా ఉంటుంది, పెట్టిన చోట పెట్టినట్టే నిలుస్తుంది.

2023లో విశాఖకు తిరిగి వచ్చేటప్పుడు దాన్ని పూర్తిగా విప్పి ఒక టిఫిన్ డబ్బాలో తెచ్చాను. ఇక్కడ రెండోసారి కట్టింది నేనూ, పదకొండేళ్ళ మా మేనకోడలూ కలిసి. మాన్యువల్ జపనీస్‌లో ఉంది, తనకు ఒక్క అక్షరం రాదు. బొమ్మల్లో బాణం గుర్తులు చూసుకుంటూ, "మావయ్యా, ఇది అటు కాదు, ఈ మూల చూడు, కోసినట్టుంది, ఇటే వస్తుంది" అని నాకే చెప్పింది. నిజమే. ముక్క తప్పు దిక్కులో కూర్చోకుండా పిన్నుల ఆకారంలోనే జాగ్రత్త పెట్టారు. నేను మొదటిసారి ఆ సంగతి గమనించలేదు. విప్పి కట్టినా ముక్కల మధ్య సందులు రాలేదు. ఈ ధరలో దొరికే బొమ్మలో ఇంతకంటే నాకేం కావాలి? నా దృష్టిలో ఈ కిట్ అసలు విలువ ఇదే. కట్టి పక్కన పెట్టేది కాదు, మళ్ళీ విప్పి ఇంకొకరికి నేర్పడానికి పనికొచ్చేది.

తర్వాత ఏడాదిపాటు అది పిల్లలదైంది. రోజుకు పది భంగిమలు. తొడ కీలు సడలి, నిలబెడితే నెమ్మదిగా పక్కకు జారేది. అంతగా ఆడితే ఏ గట్టి ప్లాస్టికైనా అరుగుతుంది. దీనికి మందు సులువు. కాలు ఊడదీసి, కీలులోని గుండ్రటి భాగం మీద సూపర్ గ్లూ ఒక పల్చటి పొర పూసి, రాత్రంతా పూర్తిగా ఆరనిచ్చి, మర్నాడు పెట్టాలి. ఆరకముందు పెడితే కాలు శాశ్వతంగా అతుక్కుపోతుంది. ఆ ఒక్క పొరతో పట్టు తిరిగి వచ్చింది, ఏడాది దాటినా అలాగే ఉంది.

వాతావరణం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ముఖ్యంగా మన తీర ప్రాంతం వాళ్ళకు. ప్లాస్టిక్ మెరుపు తగ్గించడానికి మ్యాట్ టాప్ కోట్ అనే పైపూత స్ప్రే కొట్టాను. జులైలో, ముసురు పట్టిన రోజు, బాల్కనీలో. పది నిమిషాల్లో నీలం ఛాతీ మీద బూజు పట్టినట్టు తెల్లటి పొర వచ్చింది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే పూత అలా తెల్లబడుతుంది. జనవరిలో పొడిగా ఉన్న ఒక మధ్యాహ్నం పల్చగా మళ్ళీ కొట్టాక చాలావరకు సర్దుకుంది. వానాకాలంలో ఆ డబ్బా ముట్టుకోకండి.

ఎండ ఇంకో శత్రువు. మా హాలులో పడమటి కిటికీ పక్కన రెండు వేసవులు ఉంచాను. డాలు మాత్రం సొరుగులో ఉండిపోయింది. మొన్న డాలు తెచ్చి తగిలిస్తే దాని అంచు తెలుపు తెలుపే, కిటికీ వైపు ఉన్న భుజం దంతం రంగులోకి మారింది. పక్కపక్కన పెడితే తప్ప తెలియనంత నెమ్మదిగా జరిగింది. తెల్ల ప్లాస్టిక్‌కు ఎండ తగలనివ్వకూడదు, గాజు వెనుక ఉన్నా సరే.

ముక్కల మీద చెక్కిన సన్నటి గీతలు స్పష్టంగా కనిపించడానికి నేను 0.3 మిల్లీమీటర్ల గ్రే మార్కర్ వాడాను. తెలుపు మీద నల్ల గీత కొట్టొచ్చినట్టు ఉంటుంది, గ్రే అయితే నీడలా కనిపిస్తుంది. సీసాలో వచ్చే ఎనామెల్ ద్రవం సందుల్లోకి అందంగా పాకుతుంది గానీ, బిగుతుగా ఉన్న ముక్కలోకి ఇంకితే ప్లాస్టిక్ పగిలే ప్రమాదం ఉంది. మొదటి కిట్‌కు మార్కర్ చాలు.

లోటు చెప్పాలంటే ఆయుధాలు. రైఫిల్, డాలు, అంతే. గండమ్ అనగానే చాలామందికి గుర్తొచ్చే గులాబీ రంగు బీమ్ సేబర్ కత్తి ఇందులో లేదు. మా మేనకోడలు పెట్టెలో రెండుసార్లు వెతికింది. అది కావాలంటే పై స్థాయి హై గ్రేడ్ లాంటి వేరే కిట్ తీసుకోవాలి. ఇంకా పైన రియల్ గ్రేడ్ ఉంది. 2010లో వచ్చిన రియల్ గ్రేడ్ ఆర్‌ఎక్స్-78-2 కూడా 1/144నే, వచ్చినప్పుడు ధర 2,500 యెన్‌లు. లోపలి అస్థిపంజరం రన్నర్ మీదే కీళ్ళతో సహా తయారై వస్తుంది. దాని మీద కవచం ముక్కలు తొడగాలి. అద్భుతమైన పనితనం. కానీ ముక్కలు చాలా చిన్నవి, స్టిక్కర్లకు పట్టకారు కావాలి. మొదటి కిట్‌గా అది కొన్నవాళ్ళు సగంలో వదిలేయడం నేను చూశాను.

మన దేశంలో దిగుమతి చేసి అమ్మేవారి దగ్గర ఈ కిట్ ధర జపాన్ ధరకంటే బాగా ఎక్కువే ఉంటుంది. అయినా కొనమనే చెబుతాను. నకిలీ పెట్టెలు కూడా తిరుగుతుంటాయి. అలాంటిది ఒకటి ఒక బంధువు పిల్లాడి చేతిలో చూశాను, పిన్నులు రంధ్రాల్లో పట్టక వాడు ఏడ్చేశాడు. ముక్క దానంతట అదే సరైన చోట కూర్చున్నప్పుడు వచ్చే ఆ చిన్న "టక్" చప్పుడు వాడికి దొరకలేదు. అందుకే డబ్బు మిగిలిందని నకిలీకి పోవద్దు.

మా అమ్మకు ఈ బొమ్మ పేరు నచ్చలేదు. "గండం ఏంట్రా, ఇంట్లో పెట్టుకుంటూ ఆ మాట!" అంది. అప్పటి నుంచి మా ఇంట్లో దాని పేరు జపాన్ అబ్బాయి. పోయిన సంక్రాంతి బొమ్మల కొలువులో ఏటికొప్పాక లక్క బొమ్మల వరసలో తనే దానికి చోటిచ్చింది. కొలువు ఎత్తేటప్పుడు నా చేయి తగిలి కింద పడి నుదుటి మీది పసుపు కొమ్ము కొన విరిగింది. చీపురు పట్టుకుని గది అంతా వెతికి ఆ ముక్క తెచ్చింది కూడా అమ్మే. ప్లాస్టిక్ జిగురుతో అతికించాను. దగ్గరగా చూస్తే సన్నటి గీత కనిపిస్తుంది.

వచ్చే నెల టోక్యో నుంచి వస్తున్న స్నేహితుణ్ణి రెండు పెట్టెలు తెమ్మన్నాను. ఒకటి మా మేనకోడలికి రియల్ గ్రేడ్. రెండోది మళ్ళీ ఇదే, తన క్లాసులో పక్కన కూర్చునే అమ్మాయికి. ఈసారి ఆ పిల్లకు తనే నేర్పుతానంటోంది.