యాసిడా, బ్లీచింగా, ఫినాయిలా, ఉత్త సబ్బు నీళ్ళా? ముందు కాళ్ళ కింద బండ ఏదో చూడండి

ఆదివారం పొద్దున ఎనిమిదయ్యేసరికి మా సందులోకి ఒక ట్రాలీ ఆటో వస్తుంది. మైకులో రికార్డు చేసిన గొంతు: "ఫినాయిల్, యాసిడ్, బ్లీచింగ్, బాత్రూం బ్రష్షులూ..." అంతా ఒక్క ఊపిరిలో. వింటుంటే అన్నీ ఒక తల్లి పిల్లలేమో అనిపిస్తుంది. మా అపార్టుమెంట్లో చాలామంది లెక్క కూడా అదే. అన్నీ కడిగేవే, ఘాటు ఎక్కువున్నది ఇంకాస్త బాగా కడుగుతుంది, అంతే. నాదీ ఒకప్పుడు అదే లెక్క. దాని ఖరీదు మా ఊరి ఇంటి వరండా కట్టింది.

నరసరావుపేటలో అమ్మావాళ్ళ ఇంటికి మరమ్మతులు చేయించినప్పుడు వరండాలో కడప బండలు, లోపల తాండూరు బండలు వేయించాం. పని అయ్యాక బండల మీద అక్కడక్కడా సిమెంటు మరకలు మిగిలాయి. "యాసిడ్ పోస్తే క్షణంలో పోతాయమ్మా" అన్నాడు మేస్త్రీ. తెచ్చింది నేనే, పోసింది అతను. బుస్సుమని తెల్లటి నురగ లేచింది. "చూశారా, మురికి ఎలా ఊడొస్తోందో!" అన్నాడు. మేమూ మురిసిపోయాం. ఊడొచ్చింది మురికి కాదు, మా బండ. మర్నాడు ఆరాక చూస్తే నల్లగా నిగనిగలాడాల్సిన రాయి మీద పలక తుడిచినట్టు బూడిదరంగు మచ్చలు. అరచేత్తో రాస్తే గరుకు. పిండి వడియాలు ఎండబెట్టిన గుడ్డలా తగులుతుంది. అమ్మ ఆ చోట ఇప్పటికీ ఈతచాప పరిచే ఉంచుతుంది.

అందుకే "నేలకి ఏది మేలు?" అని ఎవరైనా అడిగితే నేను సీసా పేరు చెప్పను. నేల ఏదని తిరిగి అడుగుతాను.

మన ఇళ్ళల్లో కనిపించే కడప బండ, తాండూరు బండ, షాబాదు బండ, బేతంచెర్ల బండ, ఇవన్నీ సున్నపురాళ్ళే. మార్బుల్ కూడా అదే కుటుంబం. సున్నపురాయే భూమిలోపల వేడికీ ఒత్తిడికీ మారి మార్బుల్ అవుతుంది. అంటే వీటన్నిటిలో ముఖ్యమైన సరుకు కాల్షియం కార్బొనేట్. దాని మీద యాసిడ్ పడితే రాయి కరిగి, బొగ్గుపులుసు వాయువు బుడగలుగా పైకొస్తుంది. ఆ నురగ అదే. గ్రానైట్ వేరే జాతి. లావా లాంటి కరిగిన రాయి భూమి లోపలే నెమ్మదిగా చల్లారి గడ్డకట్టింది కాబట్టి బాత్రూం యాసిడ్‌కి సున్నపురాయిలా లొంగదు. విట్రిఫైడ్ టైల్ బాగా కాల్చిన మట్టి గాజులా గట్టిపడింది. టైల్‌కి యాసిడ్ ఏమీ చేయదు కానీ టైల్‌కీ టైల్‌కీ మధ్య పూసిన తెల్ల సిమెంటును తినేస్తుంది. పాతిళ్ళలోని మొజాయిక్, ఎర్రగచ్చు రెండూ సిమెంటు కట్టుబడే, కాబట్టి వాటికీ యాసిడ్ పడదు.

మీ నేల ఏదో తెలియకపోతే నిమ్మకాయ చెబుతుంది. మంచం కిందో బీరువా వెనకో, ఎవరి కంటా పడని మూల ఒక నిమ్మచుక్క వేసి ఐదు నిమిషాలు ఆగి తుడవండి. సున్నపురాయి అయితే చుక్క అంచు వెంట సన్నటి బుడగలు కనిపిస్తాయి. తుడిచాక కిటికీ వెలుతురులో పక్కనుంచి చూస్తే చుక్క పడినంత మేర మెరుపు పోయి ఉంటుంది. గ్రానైట్ మీద, టైల్ మీద ఏమీ ఉండదు. పులిహోర కలిపేటప్పుడు పడిన నిమ్మరసం, చింతపండు పులుసు, కూల్‌డ్రింకు మార్బుల్ గట్టు మీద వదిలే పోని మచ్చలు కూడా ఇవే. వాటిని మరక అనుకుని ఎంత తోమినా ఫలితం ఉండదు. అక్కడ అంటుకున్నది ఏమీ లేదు, రాయే కాస్త పోయింది. మళ్ళీ పాలిష్ పట్టించడం ఒక్కటే దారి.

"మరి పాలిష్ పట్టేవాళ్ళు వాడే ఆ తెల్లపొడి కూడా యాసిడే కదా?" అని మా బావగారు పట్టుకున్నారు. నిజమే, అది ఆక్సాలిక్ యాసిడ్. అయితే అది రాతిలోని కాల్షియంతో కలిసి నీళ్ళలో కరగని గట్టి పొరగా మారుతుంది, దాన్ని మిషన్‌తో రుద్ది మెరుపు తెస్తారు. బాత్రూం యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్, అలా కాదు. దానితో ఏర్పడేది నీళ్ళలో ఇట్టే కరిగి కొట్టుకుపోతుంది. రెండిటినీ యాసిడ్ అనే పిలుస్తాం, పనులు మాత్రం వేరు.

ఇక సీసాల సంగతి.

యాసిడ్‌కి ఉన్న ఒకే ఒక్క సుగుణం బోరునీళ్ళ తెల్లచారికల్ని కరిగించడం. మా హైదరాబాదు ఫ్లాట్‌లో కుళాయి కిందా బాత్రూం గోడల మీదా వారానికే ఉప్పుపేరినట్టు తెల్లగా కడుతుంది. అది కూడా ఎక్కువగా కాల్షియం కార్బొనేటే. చిక్కంతా అక్కడే. పోవాల్సిన చారికా సున్నమే, ఉండాల్సిన బండా సున్నమే, యాసిడ్‌కి ఆ తేడా తెలియదు. కాబట్టి పింగాణీ కమోడ్‌లో వాడుకోవచ్చు, అదీ నీలం సీసాలో చిక్కగా వచ్చే టాయిలెట్ క్లీనర్‌తో సరిపోతుంది. అందులో ఉన్నదీ హైడ్రోక్లోరిక్ యాసిడే, కాకపోతే పలుచన, చిందకుండా జారేలా చేసినది. లూజు యాసిడ్ ఇంట్లోకి తేవాల్సిన పనే లేదని నా అభిప్రాయం. దాని ఆవిరి కుళాయిల మెరుపును తింటుంది. మూత సరిగ్గా బిగించని సీసా మా సింకు కింద ఆర్నెల్లు ఉంటే తలుపు బందులు తుప్పు పట్టి కిర్రుమన్నాయి, పక్కనే ఉన్న పట్టకారు ఎర్రబారింది. పైగా 2013లో, యాసిడ్ దాడికి గురైన లక్ష్మి వేసిన కేసులో, సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకం మీద ఆంక్షలు పెట్టింది. కొనేవాళ్ళ గుర్తింపు కార్డు చూడాలి, వివరాలు రాసుకోవాలి, 18 ఏళ్ళ లోపు వాళ్ళకి అమ్మకూడదు. ట్రాలీ ఆటో అబ్బాయి నన్ను అడిగింది ఒక్కటే: "ఖాళీ సీసా ఉందా మేడమ్?"

బ్లీచింగ్ పౌడర్ అంటే మనకి మొదట గుర్తొచ్చేది మంత్రిగారు వస్తున్నారంటే రోడ్డుకి రెండు పక్కలా గీసే తెల్లగీత. ఆ గీతతో మురికి పోదు. ఇంట్లో చల్లినా అంతే. బ్లీచింగ్‌లోని క్లోరిన్ క్రిముల్ని చంపుతుంది, రంగు మరకల్ని తెల్లబరుస్తుంది, జిడ్డుని వదిలించదు. నేల మీద మట్టీ జిడ్డూ ఉండగా చల్లితే క్లోరిన్ వాటితోనే ఖర్చయిపోతుంది, క్రిముల దాకా వెళ్ళదు. ముందు కడగాలి, తర్వాత బ్లీచింగ్ నీళ్ళు పోసి ఓ పది నిమిషాలు ఉంచి మళ్ళీ కడగాలి. ఇంకో సంగతి. వానాకాలం అరలో మూతి తెరిచి ఉన్న ప్యాకెట్టు గడ్డకట్టి, ఘాటు పోతే అందులో మిగిలింది దాదాపు సున్నమే. దాన్ని చల్లినా ముగ్గు చల్లినా ఒకటే. వరద నీళ్ళు వచ్చిపోయిన ఇంటికి, పాచి పట్టిన పెరటి గచ్చుకి, డ్రైనేజీ పొంగిన బాత్రూంకి బ్లీచింగ్‌ని మించింది లేదు. రోజూ హాల్లో వాడాల్సిన అవసరం లేదు. మార్బుల్ మీద తెల్లపొర మిగులుతుంది, చీర కుచ్చిళ్ళకి తగిలితే రంగు పోతుంది.

ఫినాయిల్ రెండు రకాలు. నల్లది తారు నుంచి తీసిన సరుకు. ఆస్పత్రి వరండా వాసన అదే. చంపే శక్తి ఉంది, కాబట్టే జాగ్రత్తా కావాలి. ఇంట్లో పిల్లి తిరుగుతుంటే నల్ల ఫినాయిల్ వద్దు. ఫినాల్ జాతి మందుల్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడినేల మీద నడిచి పాదాలు నాక్కుంటే చాలు, దాని ప్రాణం మీదికొస్తుంది. తెల్లది పైన్ నూనెతో చేస్తారు. ఎక్కువగా సువాసనే, పని ఓ మోస్తరు. లూజుగా అమ్మేదాంట్లో నూనె ఎంతో నీళ్ళెన్నో ఎవరికీ తెలీదు. నీళ్ళలో పోయగానే పాలలా తెల్లబడితే అసలైన సరుకనుకుంటాం. తెల్లబడటం అంటే నూనె సన్నటి తుంపరలుగా విడిపోయిందనే, దాని వల్ల క్రిములు చస్తాయని కాదు.

లైజాల్ లాంటి రంగు సీసాల్లో పనిచేసేది చాలావరకు బెంజాల్కోనియం క్లోరైడ్. ఇక్కడే మా ఇంట్లో ఏళ్ళ తరబడి డబ్బు నేలపాలైంది. పనికి వచ్చే అక్క "ఇంకా బాగా వాసనొస్తుందమ్మా" అని బకెట్టులో గుప్పెడు సర్ఫు వేసి, పైన ఈ మందు పోసేది. బెంజాల్కోనియం విద్యుదావేశం ధనం, సబ్బూ సర్ఫూ రుణం. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి. మందు క్రిముల్ని చంపదు, సర్ఫు మురికిని వదిలించదు. మిగిలేది అరికాలికి అంటుకునే జిగట. నేల తుడిచాక నడుస్తుంటే చపచప చప్పుడు వచ్చి, ఎండ పడినప్పుడు పాదముద్రలు కనిపిస్తున్నాయంటే మందు ఎక్కువైందనో సర్ఫు కలిసిందనో అర్థం. వాడితే ఉత్త నీళ్ళలో, సీసా మీద రాసినన్ని మూతలే వాడాలి.

వెనిగర్, వంటసోడా జోడీకి ఈ మధ్య వీడియోల్లో బాగా పేరొచ్చింది. విడివిడిగా రెండూ పనికొస్తాయి. సోడా జిడ్డుకి, వెనిగర్ చారికలకి. రెండూ కలిపి పొంగించి చూపించేది వినోదమే. ఆ పొంగులో ఒకదాన్ని ఒకటి చంపేసుకుంటాయి, మిగిలేది దాదాపు ఉప్పునీళ్ళ లాంటిదే. వెనిగర్ కూడా యాసిడే కదా, మార్బుల్‌కీ కడప బండకీ అది కూడా వద్దు.

ఇన్ని చెప్పాక నేను రోజూ వాడేది ఏమిటంటే, బకెట్టు నీళ్ళకి గిన్నెలు తోమే లిక్విడ్ అర చెంచా. సర్ఫు కాదు, సర్ఫులో సోడా ఉంటుంది, ఆరాక పొర మిగులుతుంది. కానీ దీనికన్నా ముందు చీపురు. మార్బుల్ చాలా మెత్తటి రాయి, చెప్పుల వెంట వచ్చే ఇసుక దానికన్నా ఎన్నో రెట్లు గట్టిది. ఊడవకుండా తడిబట్ట పెడితే ఇసుకను నేలంతా ఆకురాయిలా తిప్పినట్టే. మా ఇంట్లో పూజగది మార్బుల్ కంటే గుమ్మం దగ్గరి మార్బుల్ త్వరగా మసకబారడానికి కారణం ఇదే. మంచి కాళ్ళపట్టా ఒకటి వేశాక తేడా తెలిసింది.

శుక్రవారం ఉప్పునీళ్ళతో తుడిచే అలవాటు ఉన్నవాళ్ళు తర్వాత ఒకసారి ఉత్తనీళ్ళతో తుడిస్తే మంచిది. రాతి రంధ్రాల్లో మిగిలిన ఉప్పు వానాకాలంలో చెమ్మ లాగుతుంది.

ఇప్పుడు అసలు భయపడాల్సిన సంగతి. పైన చెప్పినవాటిలో ఏది మేలో తప్పు ఎంచుకుంటే పోయేది బండే. రెండు కలిపితే పోయేది మనం. టాయిలెట్ క్లీనర్ పోసి, ఇంకా శుభ్రం కావాలని దాని మీదే బ్లీచింగ్ చల్లేవాళ్ళు ఎంతమందో. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది ఇదే. అది గాలికన్నా బరువు, కిందనే పేరుకుంటుంది. కమోడ్ ముందు వంగి తోమేవాళ్ళ ముక్కు సరిగ్గా అక్కడే ఉంటుంది. కళ్ళు మండి, గొంతు పట్టేసి, దగ్గు ఆగకపోతే నీళ్ళు కొట్టే ప్రయత్నం చేయకుండా వెంటనే బయటికి వచ్చేయాలి. తలుపు తీసి వదిలేసి, ఊపిరి అందడం కష్టంగా ఉంటే 108కి ఫోన్ చేయాలి. అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్‌నీ బ్లీచింగ్‌నీ కలిపినా విషవాయువే వస్తుంది. ఒకే రోజు రెండూ వాడక తప్పకపోతే మధ్యలో పుష్కలంగా నీళ్ళు పోసి కడగాలి. నేనైతే రెండో దాన్ని మర్నాటికి వాయిదా వేస్తాను.

రెండో ప్రమాదం సీసా. లూజు ఫినాయిల్, యాసిడ్ మనం పట్టించుకునేది మంచినీళ్ళ సీసాలోనో కూల్‌డ్రింకు సీసాలోనో. దాహంతో వచ్చిన పిల్లాడికి అది నీళ్ళసీసాయే. మింగితే చాలా ఇళ్ళలో మొదట చేసే పని గొంతులో వేలుపెట్టి వాంతి చేయించడం, ఉప్పునీళ్ళు తాగించడం. అది చేయకూడదు. యాసిడ్ దిగేటప్పుడు ఒకసారి కాల్చింది, పైకి వచ్చేటప్పుడు ఇంకోసారి కాలుస్తుంది. ఫినాయిల్ అయితే వాంతిలో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోరు కడిగి, ఆ సీసాతో సహా ఆస్పత్రికి పరిగెత్తాలి. ఏం మింగాడో డాక్టరుకి సీసానే చెప్పాలి మరి. కలరా ఉండలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. తెల్లగా పిప్పరమెంటు బిళ్ళల్లా ఉంటాయి, చీరల పెట్టె అడుగున ఉండాల్సినవి బాత్రూం జాలీలో కనిపిస్తుంటాయి.

మా సింకు కింద ఇప్పుడు గిన్నెల లిక్విడ్, ఒక చిన్న సీసా ఫ్లోర్ క్లీనర్ మాత్రం ఉన్నాయి. టాయిలెట్ క్లీనర్ బాత్రూం పై అరలో, బ్లీచింగ్ మూత బిగించిన డబ్బాలో బాల్కనీలో. రెండిటి మధ్యా కావాలనే ఒక గది దూరం పెట్టాను. పోయిన వారం వరండాకి పాలిష్ పట్టించడానికి నరసరావుపేటలో ఒకతన్ని పిలిచాం. చాప ఎత్తి చూసి, వేలితో రాసి, "యాసిడ్ పోశారా? ఎవరు పోశారండీ?" అన్నాడు. అమ్మ నావైపు చూసింది.