ఏది మేలు: మోకులా, మీటలా, మరలా (స్క్రూలా)?

వాటికన్‌లోని ఈజిప్టు ఏకశిలను (ఒకే రాతితో చెక్కిన ఎత్తయిన స్తంభం, ఒబెలిస్క్) 1586లో వాస్తుశిల్పి డొమెనికో ఫోంటానా కదిలించిన బొమ్మ ఎవరికి చూపించినా అదే ప్రశ్న. అన్ని తాళ్లు, అన్ని గుర్రాలు ఎందుకు? కింద నాలుగు స్క్రూ జాకీలు పెడితే సరిపోయేది కదా!

ఆ రోజుల్లో మర తెలియక కాదు. ఈ పని ఎవరికి ఇవ్వాలో తేల్చే పోటీకి వచ్చిన పథకాల్లో మరలతో ఎత్తుతామన్నవీ ఉన్నాయి. మరకు ఒక మంచి గుణం ఉంది: చెయ్యి వదిలినా బరువు కిందికి జారదు. కానీ తిప్పే బలంలో చాలా భాగం రాపిడికే పోతుంది. పైగా 25 మీటర్ల రాయిని ఎత్తడంతో పని అయిపోదు, మెల్లగా పడుకోబెట్టాలి కూడా. కింది నుంచి తోసే జాకీ ఆ పనికి రాదు. పైనుంచి ఎవరో పట్టుకోవాలి.

మీటలు నమ్మకమైనవే, కానీ ఒక్క ఊపుకి లేచేది కొంచెమే. చక్రంలో మనిషి నడిచే పాత క్రేన్లు ఇంత బరువుకి ఆనవు, వదిలేద్దాం.

ఇక నా ఓటు పడ్డ నిలువు రాట్నాలు. దుంగకు మోకు చుట్టుకుంటుంటే మనుషులు, గుర్రాలు గానుగెద్దుల్లా తిరుగుతారు. ఫోంటానా లెక్కలో రాయి 9,63,537 రోమన్ పౌన్లు, ఒక్కో రాట్నం మోసేది 20,000. అంటే 40 రాట్నాలకు 8 లక్షలు. మిగతాది 5 పెద్ద మీటలకు వదిలాడు.

అసలు చిక్కు బరువుతో కాదు, నలభై జట్లు ఒకేలా లాగడంతో. ఒక జట్టు ముందుకు పోతే బరువంతా దాని మోకు మీదే పడి తెగుతుంది. మోకులకున్న ఈ లోపం చిన్నది కాదు. అందుకే బూర ఊదితే లాగాలి, గంట మోగితే ఆగాలి, మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. ఏప్రిల్ 30న 907 మంది, 75 గుర్రాలు పన్నెండు విడతల్లో రాయిని ఎత్తింది రెండడుగుల పైచిలుకే. ఆగిన ప్రతిసారీ రాయి జారకుండా కింద చీలలు (వెడ్జ్‌లు) దిగ్గొట్టారు.

అయినా మోకే ఎందుకంటే, దాని బిగువు చేత్తో తడిమి చూడొచ్చు, వదులుగా ఉన్నదాన్ని సరిచేయొచ్చు. ఆ రోజు ఇబ్బంది పెట్టినవి రాయికి బిగించిన ఇనుప పట్టీలు, మోకులు కాదు. సెప్టెంబరు 10న కొత్త చోట నిలబెట్టినప్పుడూ 40 రాట్నాలే వాడాడు. గుర్రాలు మాత్రం 140 అయ్యాయి.