గుత్తకిచ్చేద్దామా, దగ్గరుండి చేయించుకుందామా?

మా ఇల్లు తిరుపతి బైరాగిపట్టెడలో, 1994లో మామగారు కట్టించింది. అన్నవాళ్లది చిత్తూరు గ్రీమ్స్‌పేటలో, నాన్న కట్టిన ఇల్లు. రెండింటికీ 2025లోనే మరమ్మతు పడింది. అన్న ఉద్యోగం బెంగళూరులో కాబట్టి సామానుతో సహా గుత్తకిచ్చేశాడు. మేం సామాను మేమే కొని, మేస్త్రితో కూలి మాత్రం మాట్లాడుకున్నాం. సంక్రాంతికి అందరం కలిసినప్పుడు అన్న ఫోన్లో లెక్కా, నా నోటుబుక్కూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం.

మొత్తాలు పోల్చడం దండగ. వాళ్ల ఇల్లు పెద్దది, మాది చిన్నది. చూడాల్సింది అనుకున్నదానికీ అయినదానికీ మధ్య తేడా. మేం 4,50,000 అనుకున్నాం, 5,40,000 అయింది. అంటే నూటికి ఇరవై ఎక్కువ. అన్న ఒప్పందం 6,80,000. చివరికి 7,90,000 దాటింది, నూటికి పదహారు ఎక్కువ.

"చూసినావా, బెంగళూరులో కూచోనే నీకంటే మేలుగా తేల్చినా" అన్నాడు అన్న.

అంకెలు చూస్తే అన్నమాటే నిజం. కానీ పెరిగిన డబ్బు ఎక్కడికి పోయిందో ఒక్కో వరసా చదివితే కథ వేరుగా ఉంది.

మా 90,000లో 38,000 గోడలోని పైపులకు పోయింది. ఆ రోజుల్లో వేసినవి జీఐ పైపులు, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపులు. బాత్రూం గోడ పగలగొడితే లోపల తుప్పు పట్టి, చిటికెన వేలు దూరేంత సందు మిగిలింది. మేస్త్రి చేత్తో తడితే పొడి రాలింది. "లోపల ఇట్లుంటాదని ఎవురికి తెలుసక్కా" అన్నాడు. నిజమే, ఎవరికీ తెలియదు. మొత్తం తీసేసి సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపులు వేయించాం. ఇంకో 22,000 పూర్తిగా నా తప్పే. అంగడికి పోయి టైళ్లు చూసి మనసు మార్చుకున్నందుకు కట్టిన జరిమానా అది. 17,000 మాత్రం ఇప్పటికీ కడుపు మండుతుంది. పగలగొట్టే పనికీ పైపుల పనికీ రోజుకూలి మాట్లాడాం. సామాను చేతికందక మేస్త్రినీ ఇద్దరు కూలీలనూ ఆరేడు రోజులు ఊరికే కూర్చోబెట్టి ఇచ్చిన కూలి అది. మిగిలిన 13,000 ఆటోలకూ టీలకూ మేకులకూ పోయింది. పుస్తకంలో ఆ వరసకు నేను పెట్టుకున్న పేరు 'గాలి'.

అన్న లెక్కలో పెరిగినదంతా ఒకే పేరు మీద ఉంది: 'అదనపు పని'. వైరింగు 46,000. ఒప్పందంలో 'కరెంటు పని' అని రాసి ఉంది. గుత్తేదారు దానర్థం స్విచ్చులూ బోర్డులూ అన్నాడు, అన్న గోడలోని వైర్లు కూడా అనుకున్నాడు. టైళ్ల తేడా 24,300. ఒప్పందంలో చదరపు అడుగు 45 రూపాయల టైలు అని ఉంది, వదినకు నచ్చింది 72 రూపాయలది. తేడా 27 రూపాయలు, నేల 900 అడుగులు. మిద్దె మీద నీళ్లు దిగకుండా చేసే పనికి 40,000. ఇదే అన్నిటికంటే పాఠం నేర్పింది, దాని సంగతి తర్వాత.

మా డబ్బులో అన్నిటికంటే పెద్ద ముక్క ఇంట్లో దాగి ఉన్న జబ్బుకు పోయింది. అన్న డబ్బు ఎక్కువగా కాగితంలో రాయని మాటలకు పోయింది. ఏ పద్ధతిలో చేయించినా ఆ పైపుల జబ్బు బయటపడేదే. కాగితం మాత్రం సరిగ్గా రాసుకోవచ్చు. అందుకే నా మటుకు పదహారు ఇరవై కన్నా మేలు అనుకోను.

అలాగని మా పద్ధతే గొప్పదని కూడా చెప్పలేను. మా ఆయన తొమ్మిది రోజులు సెలవు పెట్టారు, అది నా పుస్తకంలో ఎక్కడా లేదు. పొద్దున పదింటికి ఇసుక ట్రాక్టరు వస్తే ఎక్కడ పోయాలో చెప్పడానికి ఒకరుండాలి. సిమెంటు మూటలు ఎన్ని దిగాయో, ఎన్ని కలిశాయో చూసేవాళ్లు ఉండాలి. ఆ మనిషి ఇంట్లో లేకపోతే, కూలి గుత్తలో మిగిలేదంతా వృథాలోనే కరిగిపోతుంది.

సామాను మనమే కొనేటప్పుడు టైళ్ల దగ్గర జాగ్రత్త. రెండడుగుల టైలు అంటాం గానీ అది 600 మిల్లీమీటర్లు, అంటే 23.6 అంగుళాలే. నాలుగు టైళ్ల పెట్టెకు అంగట్లో 16 చదరపు అడుగులని లెక్క చెబుతారు, నిజంగా కప్పేది 15.5. మా 800 అడుగుల నేలకు 50 పెట్టెలు చాలనుకున్నాను. పట్టేవి 52, మూలల కోతల్లో పోయేది కలుపుకుంటే 55 పైనే. తర్వాత తక్కువపడిన పెట్టెలకు మళ్లీ పోతే అదే పేరుతో కాస్త రంగు తేడాగా ఉన్నవి ఇచ్చారు. అవి ఇప్పుడు మంచం కింద ఉన్నాయి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో తళతళలాడే కొళాయిల మీద డబ్బు పోయకండి, ఆర్నెల్లకే తెల్లగా ఉప్పు పేరుకుంటుంది.

ధరలు మారితే లాభనష్టాలు ఎవరివి అన్నది ఇంకో తేడా. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అన్న ఇంటి పని అప్పుడు సగంలో ఉంది. ఒప్పందం ఆగస్టులోనే కుదిరిపోయింది కాబట్టి తగ్గింపు గుత్తేదారు జేబులోకే పోయింది. అదే ధర పెరిగి ఉంటే నష్టమూ ఆయనదే అయ్యేది కదా అంటాడు అన్న. ఒప్పుకుంటాను, కానీ ధర పెరిగినప్పుడు గుత్తేదార్లు మూటకింత అని అడగకుండా ఉంటారని నాకు నమ్మకం లేదు. ఇసుక సంగతి చూడండి. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో ఇసుక ఉచితం, లోడింగుకీ రవాణాకీ కట్టుకుంటే చాలు. సామానుతో గుత్త ఇచ్చేవాళ్లు ఆ వరసలో ఏం రాశారో ఒకసారి చూసుకోవాలి. అన్న కాగితంలో పాత పద్ధతిలోనే 'ఇసుక ధర' అని ఉంది.

ఇక మిద్దె సంగతి. మేం ఏప్రిల్‌లో మొదలుపెట్టాం. మే నెల గంగజాతరకు వారం రోజులు మేస్త్రి ఊసే లేదు. తిరుపతిలో ఆ వారం పని జరగాలనుకోవడం మన తెలివితక్కువే. టైళ్లు అడుగు లెక్కన మాట్లాడాం కాబట్టి కాలం పోయిందే గానీ డబ్బు పోలేదు. ఆషాఢం రాకముందే పని ముగిసింది. అన్న ఆషాఢం పోనీ అని ఆగి శ్రావణంలో కొబ్బరికాయ కొట్టాడు. ముహూర్తం మంచిదే, వానలే దగ్గరపడ్డాయి. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు వానలకు మా ఊళ్లో శ్రీకృష్ణనగర్‌లో ఒక ఇంటి సంపు నేలలోంచి పైకి లేచి నిలబడింది, అలాంటి నెలలవి. అన్న ఇంట్లో గోడలకు లప్పం పూసి రంగు వేశాక అక్టోబరులో మిద్దె ఉరవడం మొదలైంది. మూలన రంగు పొంగి పెచ్చులుగా లేచింది. మిద్దె పని ఒప్పందంలో లేదు, 40,000 అదనం. రంగు మళ్లీ వేయడానికి గుత్తేదారు ఒప్పుకున్నాడు, అది ఆయన మంచితనం. ఇల్లు పాతదైతే ముందు మిద్దె, తర్వాత పైపులు, ఆ తర్వాత వైర్లు, మిగిలితే టైళ్లూ రంగులూ. మేం కూడా టైళ్ల అంగడి నుంచే మొదలుపెట్టాం, ఒప్పుకుంటున్నాను.

బాత్రూం నేలకు నీళ్లు దిగని పూత పూశాక, టైలు వేయకముందు కాలువ మూసి ఒకరోజంతా నీళ్లు నిలబెట్టి చూడండి. గుత్తయినా కూలయినా ఈ ఒక్కటీ దగ్గరుండి చూడాల్సిందే.

ఏది మేలు అని ఎవరైనా అడిగితే రోజుకూలి, కూలి గుత్త, సామానుతో గుత్త, ఈ మూడింటినీ పనిని బట్టి వాడమంటాను. గోడ వెనక ఏముందో తెలియని పనికి, అంటే పగలగొట్టడానికీ పాత పైపులు తీయడానికీ, రోజుకూలి. దానికి గుత్త చెప్పే మేస్త్రి భయానికి రెండింతలు చెబుతాడు, లేదా తక్కువ చెప్పి మధ్యలో వదిలేస్తాడు. కాకపోతే కొత్త పైపులన్నీ ఇంటికి చేరాకే కూలీలను పిలవాలి, మా 17,000 పోయింది అక్కడే. కొలవగలిగిన పనికి, అంటే టైళ్లకూ పూతకూ రంగుకూ, అడుగు లెక్కన కూలి గుత్త. తలుపుల, కిటికీల జాగా మినహాయించి కొలవాలా, కలిపి కొలవాలా అన్నది మొదటి రోజే తేల్చుకోండి. శనివారం బట్వాడా ఇచ్చేముందు ఆ వారం అయిన పని కొలిచి రాసుకోవాలి. లేకపోతే మూడో వారానికి డబ్బు ముందుంటుంది, పని వెనకుంటుంది. సామానుతో గుత్త ఊళ్లో లేనివాళ్లకే. అప్పుడు కాగితంలో 'కరెంటు పని' లాంటి మాట ఒక్కటీ ఉండకూడదు. ఏ వైరు, ఎన్ని పాయింట్లు, ఏ ధర టైలు, శిథిలాలు ఎత్తించేది ఎవరు, అన్నీ ఉండాలి. చివరి పదో వంతు ఒక వానాకాలం దాటేదాకా చేతిలో ఉంచుకోవాలి.

అప్పు విషయం రెండు ముక్కల్లో. మేం చీటీ పాడుకున్నాం. అన్న ఇంటి లోను మీద టాపప్, అంటే అదనపు అప్పు, తీసుకున్నాడు, వడ్డీకి పన్ను తగ్గింపు వస్తుందని లెక్కవేశాడు. సొంతంగా ఉంటున్న ఇంటి మరమ్మతు కోసం తీసుకున్న అప్పుకు పాత పన్ను పద్ధతిలో ఏడాదికి 30,000 వడ్డీ వరకే తగ్గింపు. ఇల్లు కొన్నా కట్టినా ఉండే 2 లక్షల పరిమితి దీనికి వర్తించదు. ఆ సంగతి ఆయనకు ఆలస్యంగా తెలిసింది.

మా పై గది పని ఇంకా మిగిలే ఉంది. వానలు పోయాక వస్తానని మేస్త్రి మాటిచ్చాడు, ఈసారి మొదటి రోజు మిద్దె మీదే. అన్న గుత్తేదారుకు ఇవ్వాల్సిన చివరి పదివేలు ఇంకా ఆపి ఉంచాడు. వచ్చే వానకు ఆ మూల తడవకపోతేనే ఇస్తాడట.