పాత ఎంజీబీకి మెరుపు కోసం: ఏ వర్క్‌షాప్ ఎలా ఉంది

మా ఎంజీబీ 1960ల నాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ఎరుపు రంగు వెలిసి, బానెట్ మీద సున్నం రాసినట్టు తెల్లబారింది. ఆ పెయింట్‌ను బతికించుకుందామని ఊళ్లు దాటి వర్క్‌షాపులు చూసొచ్చాం. పాత స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు వెళ్లింది పెద్ద బాడీషాప్‌కి. శుభ్రం, మర్యాద, కూర్చునే చోటు అన్నీ బాగున్నాయి. పెయింట్ బూత్ చూస్తే ముచ్చటేసింది. కానీ కారు చుట్టూ ఓసారి తిరిగి, "మొత్తం గీకేసి కొత్తగా వేసేద్దాం సార్" అనేశారు. ఉన్న పెయింట్ మందం ఎంతో కొలవనే లేదు. ఫ్యాక్టరీలో వేసిన పెయింట్ ఒకసారి గీకేస్తే ఇక రాదు కదా, ఆ తొందర నాకు మింగుడుపడలేదు. గుద్దుకుని నలిగిన కొత్త కారుకైతే మాత్రం అక్కడికే వెళ్లమంటాను.

తర్వాత చూసిన డీటెయిలింగ్ స్టూడియోలో, అంటే కార్లను శుభ్రం చేసి పాలిష్ పెట్టే చోట, లైట్లు అద్భుతం, సన్నగీతలు కూడా దాక్కోలేవు. వాళ్ల చెయ్యి మాత్రం రంగు మీద పారదర్శక పొర ఉండే క్లియర్‌కోట్ కార్లకే అలవాటు పడింది. ఆనాటి కార్లు చాలావాటికి సింగిల్ స్టేజ్ పెయింటే, రంగు మీద వేరే పొర ఉండదు. పాలిష్ చేస్తే ప్యాడ్‌కి రంగే అంటుకుంటుంది. రోటరీ మెషిన్‌తో అంచుల మీద గట్టిగా నొక్కితే క్షణాల్లో రంగు కింది ప్రైమర్ పూత బయటపడుతుంది. అంచులకు టేప్ వేస్తారా అని అడిగితే అక్కర్లేదన్నారు. అక్కడ కారు వదలబుద్ధి కాలేదు.

పాత కార్లు మాత్రమే చేసే షెడ్‌కి చేరేసరికి చీకటి పడింది. పక్కనున్న లాడ్జిలో గది మామూలుగానే ఉంది. అయినా పార్కింగ్‌కి పైకప్పు ఉంది, మాకు కావాల్సింది అదే. పొద్దున్నే మేస్త్రీ పెయింట్ మందం కొలిచే గేజ్ తీశారు. డోర్ల మీద 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) పైచిలుకు. ఎడమ వెనక ఫెండర్ మీద 700 దాటింది, అంటే కింద పుట్టీ ఉందన్నమాట. బానెట్ దగ్గరికి రాగానే గేజ్ మోడ్ మార్చారు. తొలి ఏళ్ల ఎంజీబీలకు బానెట్ అల్యూమినియం. స్టీల్‌ని కొలిచే అయస్కాంత పద్ధతి దాని మీద పనిచేయదు, ఎడ్డీ కరెంట్ పద్ధతి కావాలి. ఆ మోడ్ మార్చడం చూశాకే నా టెన్షన్ తగ్గింది.

బానెట్ మీద చిన్న ముక్కకు టేప్ కట్టి, కడిగి, అంటుకున్న మురికిని లాగేసే క్లే రుద్దారు. తర్వాత ఆయిల్ ఉన్న గ్లేజ్‌ని టర్కీ టవల్‌తో బాగా పట్టించి రాత్రంతా వదిలేశారు. ఎండిపోయిన సింగిల్ స్టేజ్ పెయింట్ ఆ నూనెను పీల్చుకుంటుంది. మర్నాడు మెత్తటి ఫోమ్ ప్యాడ్, సన్నరకం పాలిష్, డీఏ (డ్యూయల్ యాక్షన్) పాలిషింగ్ మెషిన్. టేప్ లాగేసరికి గీతకు ఒకపక్క పాలిపోయిన గులాబీ, మరోపక్క చిక్కటి ఎరుపు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను!

లోపాలూ ఉన్నాయి. ఫోన్ ఎత్తరు, పని నెమ్మది. కానీ ఏది కుదరదో ముందే చెప్పేస్తారు. పగిలి నెర్రెలిచ్చిన పెయింట్, లోపలినుంచి పొంగిన తుప్పు పాలిష్‌తో పోవు. పుట్టీ ఉన్న ఫెండర్ ఒక్కదానికే కొత్త పెయింట్ వేద్దామన్నారు, అదీ మిగతా కారు పాలిష్ అయ్యాకే. వెలిసిన రంగుకు షేడ్ కలిపితే తర్వాత తేడా కొడుతుందట.

అక్కడికి వెళ్లేవాళ్లు లాడ్జిలో ఒక రాత్రి అదనంగా బుక్ చేసుకోండి. గ్లేజ్ ఇంకే దాకా వాళ్లు మెషిన్ ముట్టుకోరు.