కోనసీమ ఎండల్లో 5డబ్ల్యూ-30 ఇంజన్ ఆయిల్: కొన్నేళ్ల వాడకం తర్వాత

అమలాపురం చుట్టుపక్కల ఏ షెడ్డుకు వెళ్లినా వినిపించే సలహా ఒకటే: "మన ఎండలకు పల్చటి ఆయిల్ ఆగదండీ, 20డబ్ల్యూ-50 పోయించేయండి." నా పెట్రోల్ కారు మాన్యువల్ 5డబ్ల్యూ-30 అంటోంది కాబట్టి, ఆ సలహాను గౌరవంగానే పక్కనబెట్టి కొన్నేళ్లుగా ఆ గ్రేడు ఫుల్ సింథటిక్ వాడుతున్నాను.

ఇంజన్ పూర్తిగా వేడెక్కాక ఆయిల్ ఎంత వేడిగా ఉండాలన్నది బయటి ఎండకన్నా థర్మోస్టాట్, కూలెంట్, ఇంజన్‌పై పడే బరువు ఎక్కువగా నిర్ణయిస్తాయి. గ్రేడులోని చివరి అంకె చెప్పేది ఆ వేడిలో ఉండే చిక్కదనాన్నే: 100 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 గ్రేడు 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) లోపు, 40 గ్రేడు 12.5 నుంచి 16.3 లోపు ఉండాలి. చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పే, డబ్ల్యూ ముందున్న అంకె మంచు దేశాలకే అనుకోవడం కూడా సరికాదు. సంక్రాంతి చలి మాట అటుంచి, మామూలు తెల్లవారుజామున సైతం సంపులోని (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఆయిల్ నడుస్తున్న ఇంజన్‌లో కంటే ఎన్నో రెట్లు చిక్కగా ఉంటుంది. పల్చటిదైతే పైన వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ వరకూ త్వరగా చేరుతుంది. నా బండిలో పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు వచ్చే టిక్కుటిక్కు శబ్దం రెండు మూడు క్షణాల్లో అణిగిపోతుంది.

ఒక విడత 5డబ్ల్యూ-40 కూడా పోయించి చూశాను. మే నెలలో ఏసీ వేసుకుని 216వ నంబరు జాతీయ రహదారిపై నరసాపురం వైపు వెళ్లేటప్పుడు శబ్దం కాస్త తగ్గినట్టు అనిపించిందే తప్ప, మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా నాకు కనబడలేదు. మాన్యువల్ ఆ గ్రేడును అనుమతిస్తూ, పాతబడిన ఇంజన్ ఆయిల్‌ను తాగేస్తుంటే అది మంచి ఎంపికే; 20డబ్ల్యూ-50కి మాత్రం, ఆయిల్ ఒత్తిడితో పనిచేసే వీవీటీ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే ఏర్పాటు) ఉన్న ఇంజన్లలో, నా ఓటు లేదు.

వానాకాలంలో కాలవగట్టు మీద సంతకూ బడికీ తిప్పే కొద్దిపాటి ప్రయాణాలకు ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. అందుకే ఆయిల్ పోసే మూత విప్పితే లోపల మీగడలాంటి తెల్లటి పూత కనిపిస్తుంది. కూలెంట్ మట్టం తగ్గకుండా, డిప్‌స్టిక్‌పై (ఆయిల్ మట్టం చూసే పుల్ల) ఆయిల్ శుభ్రంగా ఉంటే అది సాధారణంగా తేమే, ఒక దూర ప్రయాణంతో పోతుంది. దీనికి గ్రేడు మార్చడం మందు కాదు. ఇలాంటి వాడకానికి కిలోమీటర్లు నిండకపోయినా ఏడాదికోసారి ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్పిస్తున్నాను.

డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బీఎస్-6 డీజిల్ బండ్లవారు డబ్బా మీద అంకెలతో ఆగకుండా, మాన్యువల్ అడిగిన ఏసీఈఏ (యూరప్ వాహన తయారీదారుల సంఘం) సీ2 లేదా సీ3 వంటి ముద్ర కూడా ఉందో లేదో చూసుకోవాలి. గ్రేడు సరిపోయినా బూడిద ఎక్కువ మిగిల్చే ఆయిల్ ఆ ఫిల్టర్‌ను పూడ్చేస్తుంది.