పాత ఫొటోలోని మనుషుల ఆచూకీకి ఏది మేలు: రిజిస్టరా, అవ్వ జ్ఞాపకమా?

గుజిరీ అంగడిలోనో, అమ్ముడైన పాత ఇంటి అటక మీదనో పేరూ ఊరూ లేని ఫొటో ఒకటి దొరికినప్పుడు, అందులోని వారెవరో తెలుసుకోవడానికి ముందు ఆఫీసులకు వెళ్లి రికార్డులు తిరగేయాలా, పల్లెకు వెళ్లి పెద్దలను అడగాలా అని నన్ను అడిగేవారు కర్నూలులోనూ కడపలోనూ చాలామందే ఉన్నారు. రెండూ చేయండి అనడం తేలిక. అయితే దేనితో మొదలుపెట్టామన్నదాన్ని బట్టి దొరికే జవాబే మారిపోతుందని నిరుడు ఒక ఫొటో నాకు నేర్పింది కాబట్టి, ఈసారి వివరంగా చెప్పదలచుకున్నాను.

ఆ ఫొటో నాకు కర్నూలు పాతబస్తీలో, పగిలిన అద్దంతో, చెక్క ఫ్రేము కోసం అమ్మకానికి పెట్టిన స్థితిలో దొరికింది. స్తంభమూ మెట్లూ గీసిన తెర ముందు ఇద్దరు స్త్రీలు కూర్చున్నారు. వారి నడుమ కాటుక పెట్టిన చంటిబిడ్డ నిలబడి ఉంది. పెద్దామె మెడలో గుండ్లదండ ఉంది, రెండు చేతులూ మోకాళ్ల మీద బిగించి పెట్టుకుంది. చిన్నామె ఆ క్షణాన బిడ్డను పట్టుకోబోయిందేమో, ఆమె కుడిచేయి కదిలి మసకబారింది. అట్ట వెనుక కర్నూలు స్టూడియో ముద్ర, పెన్సిలుతో రాసిన 412 అనే అంకె తప్ప మరేమీ లేదు. ఫ్రేము విప్పితే అట్టకు దన్నుగా మడిచిపెట్టిన దినపత్రిక ముక్క మీద 1957 అని కనిపించింది. ఫొటో ఆ ఏడాదే తీశారని దాన్ని బట్టి అనుకోకూడదు. ఆ ఫ్రేము 1957కు ముందు కట్టింది కాదని మాత్రమే ఆ కాగితం చెబుతుంది. ఈ తేడాను పట్టించుకోకుండా కుటుంబ చరిత్రలు రాసుకున్నవారిని చూశాను.

రిజిస్టర్ల బలాన్ని నేను తక్కువ చేయను. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఎక్కే ఒకటో పుస్తకాన్నీ దాని సూచికలనూ రుసుము కట్టిన ఎవరైనా చూడవచ్చు. ఒకటో సూచిక మనుషుల పేర్లను బట్టి, రెండో సూచిక ఆస్తిని బట్టి తయారైనవి. కాబట్టి ఒక పేరు చేతిలో ఉంటే చాలు, ఆ మనిషి ఎప్పుడు ఏ పొలం కొన్నాడో, అన్నదమ్ములు ఎప్పుడు భాగాలు పంచుకున్నారో, తండ్రి పేరేమిటో దొరుకుతాయి. వీలునామాలు ఎక్కే మూడో పుస్తకాన్ని అలా అందరికీ చూపరు గాని, రాసిన మనిషి చనిపోయాక అడిగినవారికి నకలు ఇస్తారు. ఇక రెవెన్యూ వైపు ఇంగ్లీషు, తెలుగు రెండు భాషల్లో రాసిన భూమి పుస్తకమైన డైగ్లాట్ రిజిస్టరూ, ఏటేటా సాగు వివరాలు ఎక్కించిన పాత అడంగళ్లూ ఉన్నాయి. వాటిలో ఫసలీ సంవత్సరాలే, అంటే శిస్తు లెక్కల ఏడాదులే ఉంటాయి కాబట్టి 590 కలుపుకుని చదవాలి. ఫసలీ 1360 అంటే 1950 జూలైలో మొదలైన ఏడాది అన్నమాట. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యే వరకు ఈ లెక్కలన్నీ కరణాల చేతి మీదుగా నడిచినవి కాబట్టి, పాత కరణాల ఇళ్లలో నేటికీ కొన్ని కట్టలు మిగిలి ఉండడం కద్దు. రిజిస్టరుకు మొహమాటం లేదు, మతిమరుపూ లేదు. ఎనభై ఏళ్ల కిందట రాసిన తేదీని అది ఇవాళ మార్చి చెప్పదు.

అయితే జిల్లా ఎల్లలు ఎప్పుడు ఎలా మారాయో తెలియకుండా ఆఫీసు మెట్లెక్కితే రోజులు వృథా అవుతాయి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953 అక్టోబరు 1 వరకు బళ్లారి జిల్లాలో ఉన్నాయి కాబట్టి, అక్కడి కుటుంబాల ఫొటోల మీద బళ్లారి స్టూడియో ముద్ర ఉంటే ఆశ్చర్యపోనక్కరలేదు. అనంతపురం జిల్లాయే 1882లో బళ్లారి నుంచి విడిపోయి ఏర్పడింది. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు 1970లో నేటి ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలులోనే ఉండేవి.

ఇంత మేలున్నా రిజిస్టరును నేను రెండో స్థానంలోనే ఉంచుతాను. దానికి ముందు పేరు కావాలి, ఫొటోకు పేరు ఉండదు అన్నది అందరూ చెప్పే కారణం. అది నిజమే గాని నా దృష్టిలో అసలు కారణం అది కాదు. మన చేతికొచ్చే పాత ఫొటోలలో సగానికి పైగా కనిపించేది స్త్రీలూ పిల్లలూ. భూమి రికార్డులలో కనిపించేది పట్టాదారులైన మగవారు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చేదాకా, కొడుకులున్న ఇంట కూతురికి తండ్రి ఆస్తిలో వారసత్వ భాగం లేదు. పిత్రార్జితంలో పుట్టుకతోనే కొడుకుతో సమానమైన హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి గాని అమలులోకి రాలేదు. ఆస్తి లేని మనిషి పేరు ఆస్తి పుస్తకంలో ఎందుకుంటుంది? స్త్రీధనంగా ఇచ్చిన నాలుగు సెంట్లకో, దాన సెటిల్‌మెంటుకో ఆమె పేరు ఎక్కినా, 'ఫలానా వారి భార్య' అన్న మాటతో సరిపెడతారు. ఆమె పుట్టినిల్లు ఏదో, ఆడబిడ్డ ఎవరో, చెల్లెలిని ఏ ఊరికి ఇచ్చారో ఆ పుస్తకానికి అక్కరలేదు. పుట్టినింటినీ మెట్టినింటినీ కలిపి గుర్తుపెట్టుకున్నది మన పల్లెల్లోని అవ్వలే. ఫలానా ఇంటి కోడలు ఏ ఊరి నుంచి వచ్చింది, ఏ కాన్పుకు ఎప్పుడు పుట్టింటికి వెళ్లింది అన్నది వారికి మనం బంధువుల ఫోన్ నంబర్లు గుర్తుపెట్టుకున్నంత సహజంగా నోటికి వస్తుంది.

నా ఫొటో విషయంలో జరిగింది ఇదే. ఆ ఫ్రేము ఏ ఇంటిదో అంగడివాడు చెప్పాడు. కూల్చేసిన ఆ ఇంటి పక్కవారు, ఆ కుటుంబం శ్రీశైలం నీళ్లలో మునిగిన నందికొట్కూరు వైపు పల్లె ఒకదాని నుంచి వచ్చిందని చెప్పారు. ఆ పల్లె వారు లేచి వచ్చి స్థిరపడిన చోటికి వెళ్లి, పాత కరణం కుటుంబానికి చెందిన ఒక పెద్దాయనకు ఫొటో చూపించాను. ఆయన భూతద్దం పెట్టి చూసి, ఆ ఊళ్లో అలాంటి గుండ్లదండ ఒక్క ఇంట్లోనే ఉండేదని, ఈమె ఆ ఇంటి పెద్ద కోడలని, భర్త పేరుతో సహా తడుముకోకుండా చెప్పారు. ఆ పేరు పట్టుకుని సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు వెళితే, 1961లో ఆయనా ఆయన తమ్ముడూ రాసుకున్న భాగపరిష్కార పత్రం దొరికింది. ఊరు, తండ్రి పేరు, ఇంటిపేరు అన్నీ సరిపోయాయి. ఫొటో వెనుక పేరు రాయడానికి పెన్సిలు కూడా తీశాను.

రాయకముందు మరొక్కరికి చూపిద్దామని, అదే చోట ఉంటున్న తొంభై ఏళ్లకు దగ్గర పడిన ఒక అవ్వ దగ్గరికి వెళ్లాను. ఆమె మెడవైపు చూడనే లేదు, మోకాలి మీది చేతిని చూసింది. "దండ ఆయమ్మదే నాయనా, మనిషి ఆయమ్మ గాదు. ముంజేతి మీద పచ్చబొట్టు సూడు. ఇది ఆయమ్మ ఆడబిడ్డ. కాన్పుకు పుట్టింటికొచ్చినప్పుడు వదిన దండ ఏసుకోని తీయించుకున్యాది" అన్నది. అప్పటిదాకా నేను ఫొటో మీది మరక అనుకున్నది, భూతద్దం కింద చూస్తే, నిజంగానే చుక్కల పచ్చబొట్టు. ఆ ఆడబిడ్డను ఆత్మకూరు దగ్గరి పల్లెకు ఇచ్చారని కూడా అవ్వే చెప్పింది. అక్కడ ఆమె మనవరాలి ఇంట్లో దేవుడి పటాల పక్కన అదే ఫొటో మరో ప్రతి వేలాడుతోంది. విప్పి చూస్తే అట్ట వెనుక పెన్సిలుతో అదే 412.

పెద్దాయన అబద్ధం చెప్పలేదు, దస్తావేజూ తప్పు కాదు. రెండూ ఒకదానికొకటి సాక్ష్యం పలుకుతూ నన్ను తప్పు మనిషి దగ్గరకు చేర్చాయి. ఎందుకంటే దస్తావేజు ధ్రువపరిచింది భర్త ఉనికిని మాత్రమే, ఫొటోలో ఉన్నది ఎవరన్నదాన్ని కాదు. స్టూడియోకు వెళ్లేటప్పుడు నగలూ చీరలూ చేతిగడియారాలూ ఇచ్చిపుచ్చుకోవడం ఆ రోజుల్లో అతి మామూలు కాబట్టి, నగను బట్టి మనిషిని గుర్తుపట్టారంటే నేను ఇప్పుడు ఒక మెట్టు ఆగుతాను.

జ్ఞాపకంలో లోపాలు లేవని నేను అనడం లేదు. అడిగిన తీరును బట్టి జవాబు వంగుతుంది. "ఈమె ఫలానా ఆమె కదా అవ్వా?" అని అడిగితే, వచ్చినవాణ్ణి నొప్పించడం ఇష్టం లేక అవునంటారు. అందుకని పేరేదీ చెప్పకుండా ఫొటో చేతికిచ్చి, కాసేపు మౌనంగా ఉండాలి. ఫోన్‌లో కాక కాగితం మీద పెద్దదిగా తీయించిన ప్రతిని చూపితే చూపు తగ్గినవారు కూడా చేతులనూ చెవులనూ పట్టి పట్టి చూస్తారు. ఒకరు చెప్పింది మరొకరికి వినబడకుండా కనీసం ఇద్దరిని అడగాలి, చెప్పినవారి పేరూ తేదీ రాసుకోవాలి. సంవత్సరాల దగ్గర మాత్రం వారిని నమ్ముకోకూడదు. 'పెద్ద కరువుకు ముందు', 'డ్యాము నీళ్లు రాకముందు' అన్న లెక్కలను రికార్డులతో సరిచూసుకోవలసిందే. శ్రీశైలం జలాశయంలోనూ, కడప జిల్లాలో సోమశిల వెనుక నీళ్లలోనూ మునిగిన పల్లెల వారు తలో దిక్కుకు వెళ్లారు కాబట్టి, అక్కడ పెద్దలను వెదికి పట్టుకోవడమే ఒక పని. అలాంటప్పుడు ఇంటింటి పేరూ ఉన్న భూసేకరణ కాగితాలు దారి చూపుతాయి. 2009 అక్టోబరు వరదలో కర్నూలు పాతబస్తీ మునిగినప్పుడు బురదలో కొట్టుకొచ్చిన ఫొటోల సంగతి మరీ కష్టం. ఏ ఇంటిదో చెప్పగలిగిన పక్కిల్లు కూడా వాటికి లేదు.

రిజిస్టరే ముందుండవలసిన సందర్భాలు రెండున్నాయి. మొదటిది క్రైస్తవ కుటుంబాలది. కడప, జమ్మలమడుగు, గుత్తి ప్రాంతాల్లో లండన్ మిషను వారూ, నంద్యాల వైపు ఆంగ్లికన్ మిషను వారూ పని చేసిన ఊళ్లలో చర్చి పుస్తకాలు మిగిలి ఉంటే, బాప్తిస్మం, పెండ్లి, సమాధి వివరాలలో తల్లి పేరూ ఆడపిల్లల పేర్లూ కూడా ఉంటాయి. అక్కడ నా వాదన నిలవదు, ముందు చర్చికే వెళ్లాలి. రెండోది ముస్లిం కుటుంబాలది. వారిలో కూతురికి వాటా ఉంది కాబట్టి ఆస్తి పత్రాల్లో ఆమె పేరు కనిపించే అవకాశం ఎక్కువ. కాజీ వద్ద నిఖా పుస్తకం దొరికితే మరీ మంచిది.

1953 అక్టోబరు నుంచి 1956 నవంబరు దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా ఉన్న మూడేళ్ల ఫొటోల విషయంలో మాత్రం రెండు దారులూ విఫలం కావచ్చు. ఉద్యోగాల మీద వచ్చి, రాజధానితో పాటు హైదరాబాదుకు తరలిపోయిన కుటుంబాలు ఇక్కడి స్టూడియోలలో ఫొటోలు తీయించుకుని ఉంటే, కర్నూలు ముద్ర చూసి చుట్టుపక్కల పల్లెల్లో ఎంత అడిగినా ఏమి లాభం?

మిగతా దారుల గురించి క్లుప్తంగా చెబుతాను. వాట్సాప్, ఫేస్‌బుక్‌లలో పెడితే ఊరు ముందే తెలిసినప్పుడు ఒకోసారి ఫలితం ఉంటుంది. అయితే ఎవరింటి ఆడవారో తెలియని ఫొటోను అందరి ముందు పెట్టడం నాకు సమ్మతం కాదు. ముఖాలు పోల్చే ఫోన్ యాప్‌లు మసకబారిన ఫొటోల దగ్గర తప్పుదారి పట్టిస్తాయి. వంశావళులు చెప్పే పిచ్చుకుంట్లవారు, గయలో పండాలనే తీర్థ పురోహితులు ఉంచే వంశ పుస్తకాలైన వహీలు పురుషుల తరాలను బాగా చెబుతాయి. ముఖాన్ని గుర్తించడానికి పనికిరావు. స్టూడియో నెగటివులు దొరికితే అన్నింటికన్నా మేలే గాని, గాజు పలకలను కడిగి అమ్మేసిన స్టూడియోలే నాకు తారసపడ్డాయి.

కాబట్టి నా చేతిలో ఒక్క వారమే ఉంటే నాలుగు రోజులు అవ్వల దగ్గర, మూడు రోజులు ఆఫీసులలో గడుపుతాను, అదీ ఆ వరుసలోనే. ఫొటో 412 వెనుక ఇప్పుడు పెద్దామె పేరు, పుట్టినిల్లు, మెట్టినిల్లు, చెప్పిన అవ్వ పేరు, తేదీ ఉన్నాయి. కింద 1961 దస్తావేజు నంబరు ఉంది. ఫొటోను మనవరాలికే ఇవ్వబోతే, మా ఇంట్లో ఒకటి ఉంది కదా, ఇది మీ దగ్గరే ఉండనీయండి అన్నది. చెయ్యి కదిలి మసకబారిన చిన్నామె ఎవరో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమెను గిద్దలూరు వైపు ఇచ్చినట్టు గుర్తు అని అవ్వ అన్నది, ఊరి పేరు మాత్రం నోటికి రాలేదు. సంక్రాంతికి అవ్వ కూతురు వస్తుందట, ఆమెకు తెలిసి ఉండవచ్చునట. పెద్దదిగా తీయించిన ప్రతిని సంచిలో సిద్ధంగా పెట్టుకున్నాను.