సముద్రం ఎదుటే కాటేజీ అన్న ప్రకటన చూసి డబ్బు పంపే ముందు ఒక్కసారి ఇది చదవండి

సంక్రాంతి సెలవులకు ప్రకాశం, నెల్లూరు జిల్లాల తీరంలో గదులు మాట్లాడుకుంటున్న కుటుంబాల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. డిసెంబరు చివరి వారంలో మాకు జరిగినది ఇంకెవరికీ జరగకూడదు. నేను చేసిన ఫిర్యాదు ఇంకా తేలలేదు కాబట్టి ఆ కాటేజీ పేరు, అది ఉన్న ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ప్రకటనను గుర్తుపట్టడానికి కావలసిన ఆనవాళ్లు మాత్రం ఇస్తాను.

మేము ఒంగోలులో ఉంటాము. హైదరాబాదు నుంచి మా అక్క, బావగారు, వారి పిల్లలు వస్తే, అమ్మానాన్నలతో కలిపి మొత్తం 9 మందిమి మూడు రోజులు తీరం వెంట తిరిగి రావాలనుకున్నాము. మొదటి రోజు కొత్తపట్నం, పాకల చూసి, రామాయపట్నం మీదుగా కాటేజీ చేరుకుని, అక్కడ రెండు రాత్రులు ఉండి, చివరి రోజు జువ్వలదిన్నె రేవు, మైపాడు చూసుకుని, నెల్లూరులో పెన్న ఒడ్డున రంగనాథస్వామి దర్శనం చేసుకుని తిరిగి రావాలని అనుకున్నాము. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఇసుకలో నాలుగడుగులు వేస్తే ఆగిపోతుంది. ధనుర్మాసంలో ఒక్క తెల్లవారుజామునైనా వరండాలో కూర్చుని సముద్రంలోంచి సూర్యుడు రావడం చూడాలని ఆమె ఎన్నాళ్ల నుంచో అడుగుతోంది. సముద్రం ఎదుట ఉండే గది కోసం నేను వెతికింది ఆ కోరిక తీర్చడానికే.

ఫోనులో కనిపించిన ప్రకటనలో 'సముద్రానికి 50 అడుగుల దూరం' అని ఉంది. తెల్లటి కాటేజీ, ముందు నీలం రంగు చెక్క ఊయల, దాని వెనుక నల్లటి రాళ్లు, ఆ రాళ్ల మీద విరిగే అలలు, ఎర్రబారిన ఆకాశం. కింద 'మా వరండా నుంచి సూర్యాస్తమయం' అని రాశారు. ఆ ఫోటోను నేను పదిసార్లు చూసి ఉంటాను, ఇంట్లో అందరికీ చూపించాను కూడా. మనది తూర్పు తీరమనీ, ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి ఉదయిస్తాడే తప్ప సముద్రంలోకి అస్తమించడనీ పుట్టినప్పటి నుంచి తెలిసిన నాకు ఆ ఫోటో చూసినప్పుడు తట్టలేదు. రాళ్ల సంగతీ అంతే. కొత్తపట్నం నుంచి మైపాడు దాకా మనం చూసేది పరుచుకున్న ఇసుక, సరుగుడు తోటలు, పట్టపుపాలేల (మత్స్యకారుల పల్లెల) ముందు ఆరబెట్టిన వలలు. ఆ ఫోటో ఎక్కడిదో గానీ మన తీరానిది మాత్రం కాదు.

50 అడుగుల మాట దగ్గర కూడా నేను ఆగి ఆలోచించవలసింది. తీర ప్రాంత నియంత్రణ నిబంధనల ప్రకారం జనసాంద్రత తక్కువగా ఉన్న పల్లె ప్రాంతాల్లో పోటు రేఖ (పోటు సమయంలో సముద్రపు నీరు చేరే హద్దు) నుంచి 200 మీటర్ల వరకు కొత్తగా పక్కా కట్టడాలు కట్టనివ్వరు. 50 అడుగులంటే 15 మీటర్లు. అంత దగ్గరలో కొత్తగా కట్టిన పక్కా గది ఉందని ఎవరైనా చెబితే ఆ మాటైనా అబద్ధం అయ్యుండాలి, లేదా ఆ కట్టడమైనా అనుమతి లేనిది అయ్యుండాలి.

రెండు గదులకు రెండు రాత్రులకు 14,000 రూపాయలు అడిగి, సెలవుల రద్దీ అంటూ అందులో 10,000 ముందే పంపమన్నారు. పంపాను. రసీదు అడిగితే ఒక వాట్సాప్ సందేశం వచ్చింది. అందులో చిరునామా లేదు, జీఎస్టీ నంబరు లేదు. దారి చెప్పమంటే ఆ రోజు లొకేషన్ పంపుతామన్నారు.

చీకటి పడే వేళకు ఆ లొకేషన్ మమ్మల్ని బకింగ్‌హామ్ కాలువకు ఇవతల, రొయ్యల గుంటల నడుమ ఉన్న ఒక డాబా ఇంటి దగ్గరకు చేర్చింది. గేటు తీసిన కాపలా మనిషిని సముద్రం ఎటు వైపని అడిగితే ఆయన ఆశ్చర్యపోయి, "సముద్రమా సార్? కాలవ దాటి ఇంకా మూడు కిలోమీటర్లు పోవాలి" అన్నాడు. వరండా ఉంది, కానీ దాని ఎదుట ఉన్నది రొయ్యల గుంట. గుంటలో ఏరేటర్లు రాత్రంతా నీళ్లను చిలుకుతూనే ఉన్నాయి. మేత వాసన, దోమలు, కొళాయిలో ఉప్పునీళ్లు. రొయ్యల సాగు మన ప్రాంతానికి అన్నం పెడుతున్న వృత్తి, దానిని నేను తప్పుపట్టడం లేదు. గుంట గట్టు మీది ఇంటిని సముద్రపు ఒడ్డు కాటేజీ అని అమ్మడమే తప్పు. అమ్మ ఒక్క మాట కూడా అనకుండా ఆ వరండాలో కాసేపు కూర్చుని లోపలికి వెళ్లి పడుకుంది. ఆమె ఏమీ అనకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఇంతవరకు జరిగింది డబ్బు నష్టం, మనసుకు కష్టం. తరువాత జరిగినది అంతకన్నా తీవ్రమైనది. ఫోనులో యజమాని, "కాలువ దాటితే మా ప్రైవేటు బీచ్ ఉంది, అక్కడ మోకాలి లోతే, పిల్లలను నిశ్చింతగా దించండి" అన్నాడు. పొద్దున్నే కారులో అక్కడికి వెళ్లాము. హెచ్చరిక బోర్డు లేదు, కాపలా లేదు, గజ ఈతగాళ్లు లేరు. మా అక్క కొడుకు చెప్పులు విడిచి నీళ్ల వైపు పరుగెత్తబోతుండగా, వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన చేతిలో ఉన్న వల వదిలేసి లేచి వచ్చి వాడి భుజం పట్టుకుని ఆపాడు. "ఈ తావులో పిల్లకాయలతో దిగమాకండి. అల విరగని చోటే లాగుడు ఉంటది" అన్నాడు. మేము చూస్తే అక్కడ నీళ్లు నిజంగానే మిగతా చోట్ల కన్నా ప్రశాంతంగా, దిగమని పిలుస్తున్నట్టుగా ఉన్నాయి.

ఆయన చెప్పిన మాట ప్రతి తల్లీతండ్రీ తెలుసుకోవాలి. అలలతో పాటు ఒడ్డుకు వచ్చిన నీరు ఎక్కడో ఒకచోట తిరిగి లోపలికి పోవాలి. ఇసుక మేటల మధ్య లోతుగా ఉన్న సన్నని దారి దొరికితే ఆ నీరంతా అటే వేగంగా వెళ్తుంది. ఆ దారిలో లోతు ఎక్కువ కాబట్టి అలలు విరగవు, చూసేవారికి అదే సురక్షితమైన చోటుగా కనిపిస్తుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, మన తీరంలో వాయుగుండాల వల్ల ఈ మేటలు చోటు మారుతుంటాయి. పోయిన నెల మోకాలి లోతున్న చోట ఈ నెల మనిషి మునిగే లోతు ఉండవచ్చు. పొరపాటున ఎవరైనా ఆ లాగుడులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీది అలసిపోకూడదు. నీళ్ల మీద తేలుతూ, కేకలు వేస్తూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ ప్రవాహం నుంచి బయటపడాలి. వెంటనే అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయాలి. గది అద్దెకు ఇచ్చేవాడు చెప్పిన లోతు మీద ఆధారపడి మాత్రం ఎవరూ పిల్లలను నీళ్లలోకి దించవద్దు. ఆ ఊరి మత్స్యకారులను అడగండి. వారు దిగవద్దంటే ఆ రోజుకు ఇసుకలో ఆడుకుని వచ్చేయండి.

ఆ ఉదయమే ఖాళీ చేసి కావలిలో ఒక లాడ్జికి మారాము. డబ్బు తిరిగి ఇవ్వమని అడిగితే మొదట కసురుకున్న మనిషి, మధ్యాహ్నానికి మెత్తబడి, రీఫండ్ కోసమని బావగారి ఫోనుకు ఒక క్యూఆర్ కోడ్ పంపి, దానిని స్కాన్ చేసి పిన్ కొట్టమన్నాడు. బావగారు పిన్ కొట్టబోతుండగా మా అక్క గమనించి ఆపింది. యూపీఐలో మనకు డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు. పిన్ కొట్టిస్తున్నారంటే మన ఖాతా నుంచి డబ్బు పోతోందని అర్థం. ఈ ఒక్క విషయం ఇంట్లో పెద్దవారికి, ముఖ్యంగా ఈ మధ్యే ఫోన్‌పే వాడటం మొదలుపెట్టిన వారికి, దయచేసి దగ్గర కూర్చుని చెప్పండి.

ఇలా మోసపోయినవారు ఎంత త్వరగా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేస్తే, డబ్బు ఇతర ఖాతాలకు మారిపోకముందే ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. కాటేజీ పక్క జిల్లాలో ఉన్నా అక్కడికి తిరగవలసిన పని లేదు. 5 లక్షల రూపాయల వరకు చెల్లించిన వాటి విషయంలో ఫిర్యాదుకు రుసుము కూడా లేదు. నేను ఒంగోలులోనే ఫిర్యాదు చేశాను. ప్రకటన స్క్రీన్‌షాట్లు, చెల్లింపు వివరాలు, వాట్సాప్ సంభాషణ, వరండా నుంచి గుంట కనిపించేలా తీసిన వీడియో జతచేశాను. గొడవ పడుతున్నప్పుడు ఇవేవీ గుర్తుకు రావు, కాబట్టి గదిలో అడుగుపెట్టగానే వీడియో తీసి పెట్టుకోండి.

ఇప్పుడు గది మాట్లాడుకుంటున్నవారు డబ్బు పంపే ముందు లొకేషన్ తెప్పించుకుని, ఫోను మ్యాపులో ఉపగ్రహ చిత్రం తెరిచి, ఆ ఇంటి నుంచి అలల అంచు దాకా దూరం కొలవండి. మధ్యలో కాలువ, నలుచదరపు రొయ్యల గుంటలు ఉన్నాయో లేవో అందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ తరువాత వీడియో కాల్ చేసి, వరండాలో నిలబడి ఫోనును సముద్రం వైపు తిప్పి చూపించమనండి. నిజంగా సముద్రం ఎదుట ఉన్నవారు సంతోషంగా చూపిస్తారు. జీఎస్టీ నంబరు ఇస్తే 15 అక్షరాలు, అంకెలు ఉన్నాయో, ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 37తో మొదలవుతోందో చూసి, జీఎస్టీ పోర్టల్‌లో ఆ పేరు సరిపోలుతుందో లేదో పరిశీలించండి. వేసవిలో వచ్చేవారికి ఇంకొక మాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో మరపడవల వేట నిషేధం ఉంటుంది, కాబట్టి ఆ రోజుల్లో 'పొద్దున పట్టిన వంజరం చేప' అని చెప్పే భోజనం ప్యాకేజీకి ఎక్కువ డబ్బు పెట్టకండి.

నిన్న రాత్రి అదే ప్రకటన మరొక పేరుతో, మరొక ఫోన్ నంబరుతో మళ్లీ కనిపించింది. ఈసారి 'సంక్రాంతి ప్రత్యేకం' అని పెట్టి ధర 18,000 చేశారు, 'సూర్యాస్తమయం' అన్న మాట తీసేశారు. ఫోటో మాత్రం మార్చలేదు: తెల్లటి కాటేజీ, నల్లటి రాళ్లు, ఎడమ వైపు తాడు కొద్దిగా వదులైన నీలం చెక్క ఊయల. ఆ ఊయల కనిపిస్తే డబ్బు పంపకండి. ఇప్పటికే పంపి ఉంటే ఈ రోజే 1930కు ఫోన్ చేయండి.